ఇనప గదికి కిటికీ

నేను ఆడకూలీలకు మేస్త్రిగా పని చేశాను. మోకాళ్ళు ఇక చాలన్నాక మానేశాను. కొత్తగా ఈ పనిలోకి దిగే ఆడపిల్లలు నాలుగు మంచి మాటలు చెప్పమని మా ఇంటికి వస్తుంటారు. చెప్పిన మాట గుమ్మం దాటేలోపు మరిచిపోతారు. అందుకని రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నా పలక తమ్ముడికిచ్చి నాకు తట్ట ఇచ్చారు. తట్ట ఇప్పటికీ ఇంట్లో ఉంది. పలకను వాడు ఆ ఏడాదే పగలగొట్టాడు.

కన్నుంటే చాలు

మేస్త్రికి పెద్ద గొంతు ఉండాలనుకుంటారు. అక్కర్లేదు. పొద్దున్నే సెంటర్లో కూలీలు నిలబడి ఉంటారు. వాళ్ళలో ఎవరికి ఒళ్ళు కాలుతోంది, ఎవరు రాత్రి తినకుండా పడుకున్నారు, ఎవరు మొగుడితో పోట్లాడి వచ్చారు, ఇవి అడగకుండా చూసి తెలుసుకోవాలి. ఒళ్ళు కాలే మనిషిని మెట్ల మీద తట్ట మోయమంటే పడిపోతుంది. గోడలు తడిపే పనికి పెడితే సాయంత్రానికి కోలుకుంటుంది. మా తోటపల్లి గూడూరు వైపు పొలాలన్నీ రొయ్యల గుంటలయ్యాక నాట్లు వేసే ఆడవాళ్ళు నెల్లూరు ఆటోలెక్కారు. వాళ్ళకు వంగడం వచ్చు, ఎక్కడం రాదు. ఎక్కడం నేర్పించిందాన్ని నేనే. తిట్టి నేర్పాను. ముద్దు చేసి నేర్పితే పై మెట్టు మీద నవ్వుతూ నిలబడతారు.

యజమానుల గురించి కూడా చెప్పాలి. తల మీద పెట్టుకునే గట్టి టోపీలని ఒక కాంట్రాక్టరు మాకు ఆటోలో తెప్పించేవాడు. మేం పెట్టుకుని వరసగా నిలబడితే ఫోటో తీసేవాడు. ఫోటో అవగానే టోపీలు అదే ఆటోలో ఇంకో సైటుకు పోయేవి. అక్కడ కూడా ఫోటో తీయాలట. నా దగ్గర పనిచేసే కోటమ్మ ఒకసారి టోపీ తిరిగి ఇవ్వలేదు. ఎందుకే అంటే, "ఇటుక పడేది ఫోటో అయినాక గదక్కా" అంది. నేను తిట్టలేదు. ఆ టోపీ ఇవాళ్టికీ దాని దగ్గరే ఉంది, ఎండలో కోడిపిల్లల్ని కప్పడానికి.

ఉన్నదాన్ని పారేయడం నాకు చేతకాదు. వంగిన మేకును రాయి మీద పెట్టి సాపు చేస్తాను. సిమెంటు సంచులు విప్పి కుట్టి పట్టాలు చేస్తాను. నా దగ్గర పనిచేసే కూలీ పిల్లలు నవ్వేవాళ్ళు. వాన వచ్చినప్పుడు ఆ పట్టా కిందికే వచ్చి నిలబడేవాళ్ళు.

పాత బ్యాంకు

నా ఆఖరి పెద్ద పని పాత బ్యాంకుది. నెల్లూరు బజారులో తెల్లదొరల కాలంలో కట్టిన బ్యాంకు అది. మూరెడు మందం గోడలు, సున్నం గచ్చు, ముందు పెద్ద కమాను, తల వెనక్కి వాల్చి చూసేంత ఎత్తు కప్పు. బ్యాంకు వాళ్ళు అద్దాల బిల్డింగులోకి పోయాక చాలాకాలం పావురాలే డిపాజిట్లు వేశాయి. తర్వాత దాన్ని మాల్యాద్రి గారు కొన్నారు. ఆయన రొయ్యల మేతలో సంపాదించిన మనిషి. పడగొట్టకుండా, ఉన్న గోడలు ఉన్నట్టే ఉంచి, లోపల అపార్ట్‌మెంట్లు చేస్తామన్నారు.

ఆ మాట విని నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఉన్న గోడను వాడుకుంటానన్న బిల్డరును నేను అంతకుముందు చూడలేదు. ఆ గౌరవం వారం తిరక్కముందే తగ్గింది.

మొదట గోడల మీద పాత సున్నం పూత, అదే గిలాబా, అంతా మా చేత చెక్కించారు. గవ్వలా నున్నగా ఉండే గిలాబా అది. చెక్కి పారేశాక, గోడ పాతదిలా కనపడాలని మద్రాసు నుంచి మనుషుల్ని పిలిపించి మచ్చల రంగు వేయించారు. బర్మా టేకు కౌంటరు అమ్మేసి, దాని జాగాలో టేకు రంగు కాగితం అంటించిన చెక్క పెట్టారు. క్యాషియరు కూర్చునే ఇనప జాలీ మాత్రం ఉంచారు. దాని వెనక వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు వరసలో నిలబడి జాలీ కన్నంలోంచి పేరు చెప్పుకోవాలి. వాచ్‌మన్ కూడా నాలుగు రోజులకే క్యాషియరు బుద్ధి పట్టి, భోజనం టైము తర్వాత రండి అనడం మొదలుపెట్టాడు.

ఇళ్ళకు పేర్లు కూడా పెట్టారు. రెండు గదులదానికి సేవింగ్స్, మూడు గదులదానికి ఫిక్స్‌డ్. కింది అంతస్తులో డబ్బూ బంగారం దాచిన ఇనప గది ఒకటి ఉంది. దాన్నీ పక్కనున్న గుమాస్తాల గదినీ కలిపి ఒక ఇల్లు చేసి లాకర్ సూట్ అన్నారు. గుమాస్తాల గది వంటింటికీ స్నానాల గదికీ సరిపోయింది. ఇక మనిషి పడుకోవాల్సింది ఇనప గదిలోనే.

సిద్ధాంతి గారు వచ్చారు

పెద్ద కమాను దక్షిణం చూస్తోందని సిద్ధాంతి గారు మొదటిరోజే చెప్పారు. దొరలకు దక్షిణం పనికివస్తుందట, మనకు రాదట. దాంతో తూర్పున సైకిళ్ళు పెట్టుకునే సందులోంచి దారి తీశారు. కాగితాల మీద, రోడ్డు పక్క బోర్డుల మీద, అన్నిచోట్లా ఆ కమాను ఫోటోనే ఉండేది. ఆ కమానులోంచి లోపలికి పోతే ఇప్పుడు జనరేటరు ఉంటుంది.

అసలు తంటా ఇనప గదితో వచ్చింది. అది సరిగ్గా ఈశాన్యం మూలన ఉంది. ఈశాన్యంలో బరువుండకూడదని మనందరికీ తెలిసిన మాటే. ఈ గది గోడల్లో రైలు పట్టాలు పెట్టి రాతితో కట్టారు. ఊళ్ళో అంతకు మించిన బరువు లేదు. పగలగొట్టమని మాల్యాద్రి గారు మనుషుల్ని పెట్టారు. సుత్తి వేస్తే సుత్తే ఎగిరి వచ్చేది. సగం రోజుకే వాళ్ళు చేతులు పట్టుకుని కూర్చున్నారు.

ఇంజనీరు అనిల్ మంచి పిల్లాడు. ఆ గది బయటి గోడకు కిటికీ పెట్టాలని ప్లానులో గీశాడు. పట్టాలు కోసే మిషను తెప్పించాలన్నాడు. ఖర్చు విని మాల్యాద్రి గారు ఆ మాట వాయిదా వేశారు. వాయిదా వేసిన మాటను కూల్చిన గోడ కింద లెక్క కట్టండి. నా అనుభవంలో రెండూ తిరిగి లేచింది లేదు.

ఇక ఆ ఇల్లు ఎవరు కొంటారు? చూసిన ప్రతివాళ్ళూ దిక్కులు లెక్క పెట్టుకుని వెళ్ళిపోయారు. అప్పుడు మాల్యాద్రి గారికి ఒక ఉపాయం తట్టింది. మా ముందరే అన్నారు: "కిరస్తానం వాళ్ళకి అమ్ముదాం. వాళ్ళకి వాస్తు లేదు గదా."

సిస్టరమ్మ

అట్లా వచ్చింది సువార్తమ్మ. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అందరిలాగే నేనూ సిస్టరమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు మార్తమ్మ అని ఒక అక్క. పక్షవాతం వచ్చి కాళ్ళు రెండూ పోయాయి. అద్దె ఇల్లు మేడ మీద కావడంతో ఆ అక్కను కిందికి దించాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. పిలిచినప్పుడల్లా మగవాళ్ళు దొరకరు. అందుకని మార్తమ్మ ఒక మంచం, ఒక కుర్చీ, వాటి మధ్యే బతుకుతోంది. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోయే కింది ఇల్లు, బజారులో, ఆసుపత్రికి దగ్గర్లో, తమ స్తోమతలో దొరికింది ఇదొక్కటే. రిటైరైనప్పుడు వచ్చిందంతా తెచ్చి ఇందులో పెట్టింది. ప్లాను కాగితంలో కిటికీ చూసింది కాబట్టి కిటికీ ఉంటుందనే అనుకుంది.

ఇల్లు చూస్తానని ఆమె కబురు పెట్టింది. అప్పుడు కిటికీ అవసరం పడింది. ఇంటీరియర్ వాళ్ళని హైదరాబాదు నుంచి దింపారు. గోడకు చెక్క చట్రం, అద్దం తలుపులు, తెర బిగించారు. అద్దం వెనక పడవతో సహా మైపాడు సముద్రం ఫోటో, దాని వెనక ట్యూబులైటు. స్విచ్చి వేస్తే తెల్లారుతుంది.

చట్రం చుట్టూ సిమెంటు పూయమని మమ్మల్ని పిలిచారు. నేను అనిల్‌ను అడిగాను. అతను తల వంచుకుని, "నన్నడగొద్దవ్వా" అన్నాడు. గాలి రాని కిటికీకి మా పిల్లలు సిమెంటు కలపరని మాల్యాద్రి గారితో చెప్పాను. ఆయన నవ్వారు. "పెంచలమ్మా, నీకెందుకబ్బా ఇయన్నీ. సముద్రం ఊరికే ఇస్తాండా గదా ఆమెకి" అన్నారు. వేరే మనుషులు వచ్చి పూసి పోయారు.

సిస్టరమ్మ వచ్చి చూసింది. ఏసీ వేసి, తెర పూర్తిగా మూసి, వెనక లైటు వేసి ఉంచారు. వెనక సందులో పని జరుగుతోంది, దుమ్ము వస్తుంది, కిటికీ తీయొద్దమ్మా అన్నారు. ఆమె ఆ వెలుతురు కేసి చూసి, మా అక్క కుర్చీ అక్కడ వేస్తానంది. నేను తట్టతో గుమ్మం దగ్గరే ఉన్నాను.

మీరు అడుగుతారు, అప్పుడే చెప్పొచ్చు కదా అని. చెప్తే ఆ సాయంత్రమే నన్నూ నా వెనకున్న ఆడవాళ్ళందర్నీ పొమ్మంటారు. ఆ పూట వాళ్ళ పొయ్యి నా నోటి మీద ఆధారపడి ఉంది. నోరు తెరిచే ముందు మేస్త్రి తన వెనక ఎంతమంది నిలబడ్డారో చూసుకోవాలి. చూసుకుని నోరు మూసుకోమని నేను అనడం లేదు. వేరే దారి ఉందేమో వెతకమంటున్నాను. నాకా దారి మాల్యాద్రి గారే చూపించారు.

శాంతి హోమం

ఇల్లు అమ్ముడుపోయినా ఆయనకు నిద్ర పట్టలేదు. కొన్నవాళ్ళకు వాస్తు లేకపోయినా కట్టినవాడికి ఉంటుంది. ఈశాన్యం దోషం తన మీద పడుతుందని భయం. సిద్ధాంతి గారు శాంతి హోమం చెప్పారు. ఎక్కడ చేయాలంటే దోషమున్న చోటే చేయాలట. అంటే ఇనప గదిలో.

మిగతా ఇళ్ళు కొన్నవాళ్ళందర్నీ పిలిచారు. సిస్టరమ్మను మాత్రం పిలవలేదు. ఆ సంగతి తెలియగానే నేను ఆటో ఎక్కి ఆమె ఇంటికి పోయాను. నా డబ్బుతో ఆటో ఎక్కడం నాకు అలవాటు లేదు, అందుకే గుర్తుంది. "సిస్టరమ్మా, రేపు మీ ఇంట్లో హోమం చేస్తాండారు. ఒకసారి వచ్చి చూసుకోండి" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "హోమానికి నేనెందుకక్కా?" అంది.

"పూజకి రావద్దులే. ఇల్లు చూసుకోను రాండి."

ఇంకేమీ అడగలేదు. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి చేసిన మనిషి కదా, చెప్పని జబ్బులు కూడా చూసి ఉంటుంది.

మర్నాడు రోళ్ళు పగిలే ఎండ. గదిలో ఇటుకలు పేర్చి హోమగుండం కట్టారు. ఇనప తలుపుకు మామిడి తోరణం, పక్కన ఫోటోలవాడు. ముందు వరసలో మాల్యాద్రి గారు, ఆయన భార్య రమణమ్మ గారు పట్టుబట్టల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనక, ఇళ్ళు కొన్నవాళ్ళు. ఏసీ చల్లదనం బయటికి పోతుందని తలుపు దగ్గరగా వేయించారు. మేం బయట వరండాలో ఉన్నాం, సిస్టరమ్మ నా పక్కన.

మంత్రాలు మొదలయ్యాయి. నెయ్యి పోశారు. కట్టెపొయ్యి మీద వండిన ఏ ఆడదైనా తర్వాతి సంగతి చెప్పగలదు. లోపలున్న ఆడవాళ్ళకూ తెలిసే ఉంటుంది. కానీ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాక అదేమీ గుర్తుకురాదు. కాసేపటికి మంత్రాల మధ్యలో దగ్గు వినపడింది. తర్వాత దగ్గుల మధ్యలో మంత్రాలు. తర్వాత దగ్గే. తలుపు తెరుచుకుంది. అందరికంటే ముందు బయటపడింది సిద్ధాంతి గారు.

ఆ మందం తలుపు సగమే తెరుచుకుంది. గడప దగ్గర మనిషి మీద మనిషి. సిస్టరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి దూరింది. కోటమ్మను నీళ్ళ బక్కెట్టుతో వెనకే తోలాను. "కిందికి వంగి రాండి. వంగి రాండి, తోసుకోబాకండి" అని సిస్టరమ్మ అంటోంది. ఆసుపత్రి గొంతు అది, అందరూ విన్నారు. కోటమ్మ గుండంలో నీళ్ళు కుమ్మరించింది. పొగ ఇంకా పెరిగింది. అది నేను అనుకోలేదు.

రమణమ్మ గారికి ఉబ్బసం ఉంది. తలుపు దగ్గర జనాన్ని చూసి ఆమె వెనక్కి, కిటికీ వైపు పోయింది. తెర లాగింది. సముద్రం కనపడింది. అద్దం తలుపులు తీసి చెయ్యి బయటికి చాపింది. చెయ్యి సముద్రానికి తగిలి ఆగింది. రెండోసారి తోసింది. పడవ బొమ్మ చిరిగి లోపల ట్యూబులైటు బయటపడింది. అప్పటికింకా గదిలో ఉన్నవాళ్ళంతా అది చూశారు. ఫోటోలవాడు అలవాటు కొద్దీ ఫోటో కూడా తీశాడు.

ఆమెను సిస్టరమ్మే బయటికి తెచ్చి, వరండాలో కూర్చోబెట్టి, వీపు రాస్తూ ఊపిరి నిదానంగా తీసుకోమంది. రమణమ్మ గారు మాట వచ్చాక మొగుడి వైపు చూసి ఒకటే అడిగింది: "ఆమె అక్క కదల్లేని మనిషంట గదా. ఇందులో పెట్టి మూస్తావా?"

మాల్యాద్రి గారు ఫ్యాను పెట్టిస్తామన్నారు. పెద్ద ఫ్యాను, గాలి లాగేది అన్నారు. సిస్టరమ్మ ఆయన దగ్గరికి పోయి, గొంతు పెంచకుండా అంది: "పొమ్మనలేక పొగబెట్టినారంటారు నాయనా. నన్ను రమ్మని పొగబెట్టినావే. కిటికీ పెట్టు, లేకుంటే నాది నాకియ్యి. రెండిట్లో ఒకటి చెప్తే గానీ పోను." వరండాలో గచ్చు మీద కూర్చుంది. ఇళ్ళు కొన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ ఇంట్లోకి పోయి, తమ కిటికీలు తీసి, చెయ్యి బయటపెట్టి చూసుకోవడం మొదలుపెట్టారు.

మాల్యాద్రి గారు ఆమె మాటకు లొంగలేదు, భార్య మాటకూ లొంగలేదు. ఎవరికి లొంగారంటే, మొహం కడుక్కుని వచ్చిన సిద్ధాంతి గారికి. ఎర్రబడ్డ కళ్ళతో ఆయన తేల్చేశారు: "ఈశాన్యం మూసకపోయింది. తెరవాల. తెరవకుంటే యజమానికి ఊపిరాడదు." అప్పటికి యజమానికి ఆ సంగతి బాగానే తెలుసు. పట్టాలు కోసే మిషను కోసం ఆ సాయంత్రమే మద్రాసుకు ఫోను పోయింది.

అనిల్ నా దగ్గరికి వచ్చి, "నేను ప్లానులో గీసిందీ అదే గదవ్వా" అన్నాడు.

"నువ్వు దక్షిణ అడగలేదు నాయనా. ఊరికే చెప్పిన మాట ఎవురు వింటారు?" అన్నాను.

నవ్వాడు గానీ నేను నవ్వడానికి అనలేదు. చదువుకున్న పిల్లలు ఇంజనీర్లయి ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్ళకూ ఇదే చెప్తాను. మీరు చెప్పింది నిజమైతే ఒకసారి చెప్పి తల వంచుకోవడం కాదు. యజమాని ఎవరికి భయపడతాడో కనుక్కుని వాళ్ళ నోట చెప్పించండి. దేవుడైతే దేవుడు, పెళ్ళామైతే పెళ్ళాం.

కిటికీ తెరిచాక

గోడ కోయడం చాలా రోజులు పట్టింది. పట్టాలు తెగుతుంటే బజారంతా పళ్ళు జివ్వుమనేవి. రాతిపొడి మోసి మా పిల్లలు తెల్లటి దయ్యాల్లా తయారయ్యారు. కిటికీ తెరిస్తే సముద్రం లేదు. సందు ఉంది, ఎదురుగా కుట్టుమిషను అంగడి, కరెంటు స్తంభం, దాని కింద పడుకునే కుక్క. గాలి మాత్రం సూటిగా లోపలికి వచ్చింది. పొగ వాసన పోయింది.

అక్కచెల్లెళ్ళు ఇద్దరూ చేరారు. కిటికీ గట్టు కొంచెం వంకరగా వచ్చిందని నేనూ కోటమ్మా మళ్ళీ పూయడానికి పోయాం. మేం పూస్తుండగానే మాల్యాద్రి గారు వచ్చారు, చేతిలో యాపిల్ పళ్ళు. వచ్చిన పని ఏమిటంటే, ఈశాన్యం తెరుచుకున్న ఇల్లని ఊరంతా పాకిపోయిందట. అపార్ట్‌మెంట్ మొత్తంలో ఇంత మంచి వాస్తు ఇంకో ఇంటికి లేదని సిద్ధాంతి గారే అన్నారట. ఒక రైసుమిల్లు ఆయనకు ఇదే కావాలట. సిస్టరమ్మకు దీని బదులు పైన మూడు గదులది ఇస్తారట, పైసా ఎక్కువ అడగరట. లిఫ్టు ఉంది కదా అన్నారు.

కరెంటు పోతేనో అని సిస్టరమ్మ అడిగింది. జనరేటరు ఉంది కదా అన్నారు. అది చెడితేనో అంది. ఆయన యాపిల్ పళ్ళు బల్ల మీద పెట్టి, "వాస్తుతో మీకేం పని సిస్టరమ్మా, మీరు నమ్మరు గదా" అన్నారు.

"నమ్మను నాయనా," అంది సిస్టరమ్మ. "మా అక్కనడుగు."

మార్తమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. సందులో ఆకుకూరల ఆమెతో బేరం నడుస్తోంది. కట్ట చిన్నదంటుంది ఈమె, ఎండకు వాడింది గానీ చిన్నది కాదంటుంది ఆమె. మార్తమ్మ మోచేయి గట్టు మీద ఆనించి, తోటకూర కట్ట పట్టుకుని, బేరం ఆపి ఇటు తిరిగింది. చెయ్యి మాత్రం బయటే ఉంచింది.

"కాళ్ళు పోయినాక నాలో వీధిలోకి పోయింది ఈ చెయ్యి ఒక్కటే అబ్బయ్యా," అంది. "దీన్ని గూడా లోపలికి తీసుకోమంటావా?"

మాల్యాద్రి గారు ఏదో ఫోను వచ్చినట్టు చూసుకుంటూ వెళ్ళిపోయారు. బేరం మళ్ళీ మొదలైంది. మార్తమ్మ చెయ్యి తీశాక చూస్తే పచ్చి సిమెంటు మీద మోచేతి గుంట పడి ఉంది. కోటమ్మ తాపీ తీసి సాపు చేయబోయింది.

వద్దులే, ఉండనీ అన్నాను.